ఈ గిన్నెలోది ఇంకా తినొచ్చా?

ఫ్రిజ్ తలుపు తీసి, వెనకెక్కడో నక్కిన చిన్న గిన్నె బయటికి లాగి, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పటికీ నమ్మకం కుదరక పక్కవాళ్ళ ముక్కు దగ్గర కూడా పెట్టి "బానే ఉందా?" అని అడగని ఇల్లాలు ఎవరైనా ఉంటారా? మా ఇంట్లో ఈ పంచాయితీ వారానికి రెండుసార్లైనా జరుగుతుంది.

మావారిని అడిగితే "నాకు జలుబు, నాకేం తెలుస్తుంది" అంటారు. అత్తయ్యకి చూపిస్తే కాస్త వాసన చూసి "శుభ్రంగా ఉందమ్మా, వెచ్చబెట్టు చాలు" అంటారు. మా అమ్మాయి గిన్నె వంక చూడనైనా చూడదు. "ఎప్పటిది?" అంటుంది. మొన్నటిదంటే "పారేయ్" అంటుంది. ఒకరిది ముక్కు, నిప్పు. ఇంకొకరిది తేదీ. మధ్యలో గిన్నె పట్టుకుని నిలబడేది నేను.

ఇది చిన్న విషయమే అనుకునేదాన్ని, కిందటేడు వేసవి దాకా.

అమ్మాయి పుట్టినరోజు. రాత్రి పదిమందికి వెజిటబుల్ పలావ్ చేశాను. అందరూ వెళ్ళాక నడుం వాల్చితే అలాగే నిద్రపట్టేసింది. మిగిలిన పలావ్ పెద్ద గిన్నెలో, మూతతో సహా, స్టవ్ గట్టు మీదే ఉండిపోయింది. పొద్దున చూస్తే వాసన లేదు, జిగట లేదు, మెతుకు మెతుకు విడిగా ఉంది. మూకుట్లో వేసి పొగలొచ్చేదాకా వేడి చేశాను. మావారికీ, అమ్మాయికీ ఇడ్లీలు పెట్టాను. పలావ్ నేను ఒక కంచం తిన్నాను. మిగిలింది డబ్బాలో సర్ది మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇచ్చాను, "పిల్లాడికి కూడా పెట్టు" అని.

రెండు గంటలయ్యేసరికి నాకు వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి తగ్గాయి. మర్నాడు ఆవిడ పనికి రాలేదు. ఆ మర్నాడు వచ్చింది, ముఖం పీక్కుపోయి. తనకీ పిల్లాడికీ రాత్రి దాకా వాంతులేనట. వేరే రెండిళ్ళవాళ్ళు ఆ రోజు జీతం కోసేశారట. నేనేదో అనబోతుంటే ఆవిడే అడిగింది, "అమ్మగారూ, మీరూ అదే తిన్నారా?" అని. "తిన్నాను, నాకూ వాంతులే" అన్నాను. "అయితే సరే" అంది. చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ "అయితే సరే" నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి నాకు రెండు ప్రశ్నలు పట్టుకున్నాయి. ఒకటి: వాసన లేదు, రంగు మారలేదు, పొగలొచ్చేలా వేడి చేశాను, మరి ఎందుకు జబ్బు చేసింది? రెండోది: అంత నమ్మకమే ఉంటే మావారికీ అమ్మాయికీ ఇడ్లీలు ఎందుకు పెట్టాను?

మొదటి ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే బోలెడంత చరిత్ర దొరికింది. రెండోదానికి జవాబు కూడా ఆ చరిత్రలోనే దొరుకుతుందని అప్పుడు అనుకోలేదు.

మన పాత పుస్తకాల నుంచే మొదలుపెడతాను. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, చేయి ముందు అటే వెళ్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ఏ ఆహారం ఎవరికి ఇష్టమో చెబుతూ తామసాహారానికి కొన్ని గుర్తులు ఇచ్చారు. యాతయామం, గతరసం, పూతి, పర్యుషితం అనేవి అందులో నాలుగు. యామం అంటే జాము, మూడు గంటలు. వండి జాము దాటినది యాతయామం అని చాలామంది చెప్పే అర్థం. శంకరాచార్యులవారు మాత్రం తమ భాష్యంలో దాన్ని సరిగ్గా ఉడకనిది అన్నారు. గతరసం అంటే రుచి పోయినది. పూతి అంటే కంపు కొట్టేది. పర్యుషితం అంటే వండాక ఒక రాత్రి గడిచినది. ఇవి ఒకసారి వరసగా చూడండి. గడియారం, నాలుక, ముక్కు, రాత్రి. మా ఇంట్లో జరిగే పంచాయితీ అంతా ఈ నాలుగు మాటల్లో ఉంది! అత్తయ్య పూతి చూస్తారు, అమ్మాయి పర్యుషితం చూస్తుంది.

ధర్మసూత్రాలు ఇంకా వివరంగా వెళ్ళాయి. తెలుగునాట ఎన్నో కుటుంబాలు "మాది ఆపస్తంబ సూత్రం" అని చెప్పుకుంటాయి కదా, ఆ ఆపస్తంబుడే రాత్రి నిలవున్న వంటకం తినకూడదన్నాడు, పులిసిపోయినది కూడా వద్దన్నాడు. కానీ వెంటనే మినహాయింపుల పట్టీ ఇచ్చాడు. అటుకులు, వేయించిన గింజలు, పిండి, పాలతో చేసినవి, ఇలా. గౌతముడు పులిసినవాటిలో పెరుగుని మినహాయించాడు. మనుస్మృతి అయిదో అధ్యాయం నెయ్యో నూనో కలిసిన పదార్థం నిలవ ఉన్నా తినొచ్చంది.

ఈ మినహాయింపులు చదువుతుంటే నాకు మా అమ్మ సంచి గుర్తొచ్చింది. రైలు ప్రయాణమంటే అమ్మ ఏం కట్టేది? పులిహోర, దద్ధోజనం, కారప్పూస, అరిసెలు. కొబ్బరి పచ్చడి కట్టేది కాదు. ముద్దపప్పు కట్టేది కాదు. ఒకదాంట్లో చింతపండు పులుపు, ఒకదాంట్లో పెరుగు పులుపు, ఒకదాంట్లో తడే లేదు, ఒకదాంట్లో బెల్లం పాకం. సూక్ష్మజీవి అన్న మాట అమ్మకి తెలియదు, ఆ రుషులకీ తెలియదు. తడి, పులుపు, ఉప్పు, తీపి, నూనె చూసి ఏది నిలుస్తుందో ఏది నిలవదో తరతరాలుగా కనిపెట్టుకున్నారంతే.

శాస్త్రం వద్దన్న పర్యుషితాన్నే మన ఇళ్ళు కడుపారా తిన్నాయి. దానికి మనం పెట్టుకున్న పేరు చద్ది. పాత మాట చల్ది. చల్లబడిన అన్నమని అందులోనే తెలుస్తోంది. పదిహేనో శతాబ్దంలో పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి అడవిలో చద్దులు తినే ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. మా కాలేజీలో ఆ పాఠం చెప్పిన రోజు మధ్యాహ్నం గంట కొట్టకముందే అందరికీ ఆకలేసింది. మీగడ పెరుగు కలిపిన ముద్ద చేతిలో, వేళ్ళ సందున ఊరగాయ. అప్పట్లో ఆ ఊరగాయని రుచి కోసమే అనుకున్నాను. ఇప్పుడు చదివితే పొద్దున కట్టిన మూట మధ్యాహ్నం ఎండలో విప్పినా తినగలిగే ఏర్పాటు మొత్తం కనిపిస్తోంది. పెరుగు పులుపు, ఊరగాయ ఉప్పు.

మా అమ్మమ్మ చద్దన్నం పెట్టే పద్ధతి నేను కళ్ళారా చూశాను. రాత్రి భోజనాలు కాగానే, గిన్నెలు కడగకముందే, మిగిలిన అన్నం మట్టికుండలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, ఓ గరిటెడు మజ్జిగ కలిపేది. ఎంత నిద్రొస్తున్నా ఆ పని మర్నాటికి వదిలేది కాదు. తరవాణి కుండని అయితే ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పొద్దున కుండ మూత తీసి వాసన చూసేది. పుల్లటి వాసన వస్తే పిల్లలకి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పెట్టి ఇచ్చేది. అన్నం తీగలు సాగినా, వేరే రకం వాసనొచ్చినా కుండెడూ కుడితితొట్టిలోకి పోయేది.

అమ్మమ్మ ముక్కు అమ్మమ్మ కుండకి సరిపోయింది. మరి నా పలావ్‌కి నా ముక్కు ఎందుకు సరిపోలేదు?

ఇది తెలుసుకోవడానికి యూరప్ వాళ్ళకి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది. 1820లో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన కవి కూడా. మాంసం కూరి నిలవ చేసిన సాసేజ్‌లు తిన్నవాళ్ళకి కళ్ళు మసకలు కమ్మి, మింగుడు పడక, ఊపిరాడక చనిపోతుండడం చూసి, ఆ కేసులన్నీ పోగుచేసి 1820లోనూ 1822లోనూ పుస్తకాలు రాశాడు. ఆ విషమేదో తేల్చడానికి కొంత తనే తిని చూశాడు కూడా! సాసేజ్‌కి లాటిన్ మాట బొటులస్. బొటులిజం అన్న పేరు అక్కడినుంచే వచ్చింది.

ఆ శతాబ్దంలో డాక్టర్లు కూడా మా అత్తయ్యలాగే ఆలోచించేవారు. కుళ్ళితేనే విషం, కుళ్ళకపోతే లేదు. 1870లలో ఫ్రాంచెస్కో సెల్మి అనే ఇటలీ శాస్త్రవేత్త శవాలు కుళ్ళేటప్పుడు పుట్టే పదార్థాలకి టోమెయిన్ అని పేరు పెట్టాడు. ఆ మాట ఎంత పాకిందంటే, తిండి వల్ల ఏ జబ్బు చేసినా ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం టోమెయిన్ పాయిజనింగ్ అనే అన్నారు. అంటే వాసన చూస్తే చాలు, విషం దొరికిపోతుందని నమ్మకం.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసిన మొదటి సంఘటనల్లో ఒకటి 1888లో జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్‌లో జరిగింది. జబ్బుపడిన ఒక ఆవు మాంసం తిని చాలామంది పడకేశారు, ఒకతను చనిపోయాడు. ఔగుస్ట్ గెర్ట్‌నర్ అనే ఆయన ఆ మాంసంలోనూ, చనిపోయిన మనిషి శరీరంలోనూ ఒకే బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. ఇప్పుడు మనం సాల్మొనెల్లా అంటున్న కుటుంబంలోదే అది. జబ్బు తెచ్చింది కుళ్ళు కాదు, ఒక జీవి. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో అంత్యక్రియలకి వాయించడానికి వెళ్ళిన బ్యాండువాళ్ళు ఉప్పువేసి నిలవ చేసిన పచ్చి హ్యామ్ తిన్నారు. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ఆచార్యుడు ఆ హ్యామ్‌లోంచి గాలి తగలనిచోట పెరిగే బ్యాక్టీరియాని వేరు చేశాడు. కెర్నర్ డెబ్భై ఏళ్ళ ముందు వెతికిన విషానికి మూలం అదే.

ఆ విషం బాగా మరిగిస్తే విరిగిపోతుంది. అలాగని ఉబ్బిన డబ్బా తెరిచి మరిగించుకుని తినమని కాదండోయ్, ఉబ్బిన డబ్బాని తెరవకుండా పారేయాలి. నేను చెప్పేదేమిటంటే, "వెచ్చబెట్టు చాలు" అన్న అత్తయ్య మాట కొన్నిచోట్ల నిజమే. నా పలావ్ దగ్గర మాత్రం కాదు.

ఎందుకో చెప్పే కథ నార్వేలో దొరికింది. 1947, 1949 మధ్య అక్కడ వరసగా నాలుగుసార్లు జనం కడుపునొప్పితో విరేచనాలతో పడిపోయారు. మొత్తం సుమారు 600 మంది. అందరూ తిన్నది వెనిల్లా సాస్. మొక్కజొన్న పిండితో చిక్కగా కాచే పాయసంలాంటిది. ముందురోజు కాచి, పెద్ద పాత్రల్లో బయటే ఉంచేశారు. స్టైనర్ హౌగే అనే శాస్త్రవేత్తకి అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా దొరికింది. మట్టిలో, ధాన్యంలో అంతటా ఉండే మామూలు జీవి. అది జబ్బు తెస్తుందంటే ఎవరు నమ్ముతారు? ఆయన ఏం చేశాడంటే, మంచి సాస్ తయారుచేసి, అందులో ఆ బ్యాక్టీరియా వేసి పెరగనిచ్చి, సుమారు 200 మిల్లీలీటర్లు తనే తాగేశాడు. పదమూడు గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. అంతకంటే సాక్ష్యమేం కావాలి!

ఆ తర్వాతి కథ సాక్షాత్తూ నాదే అనిపించింది. 1971 నుంచి బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళకి గంటల వ్యవధిలో వాంతులు అవుతున్నట్టు బయటపడింది. హోటళ్ళవాళ్ళు అన్నం ఒకేసారి పెద్ద ఎత్తున వండి, రాత్రంతా బయటే ఆరబెట్టేవారు. ఫ్రిజ్‌లో పెడితే ముద్ద కడుతుందని వాళ్ళ బాధ. మర్నాడు గుడ్డు కొట్టి, మంటమీద టకటకా వేయించి ఇచ్చేవారు. అక్కడా దొరికింది ఆ బాసిల్లస్ సీరియస్సే. ఈసారి వాంతులు తెప్పించే ఇంకో రకం విషంతో.

ఇది ఎలా పనిచేస్తుందో మన వంటింటి భాషలో చెబుతాను. బియ్యంలో ఈ జీవి విత్తనంలాంటి రూపంలో నిద్రపోతుంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తనం చావదు. ఉడకడంతో పక్కనున్న వేరే జీవులు చచ్చిపోయి, దీనికి పోటీ లేకుండా పోతుంది. గోరువెచ్చగా, తడిగా, మూతపెట్టిన పెద్ద గిన్నె మధ్యలో అన్నం గంటలకొద్దీ చల్లారదు. అప్పుడు ఆ విత్తనం మొలకెత్తి, పెరిగి, విషం వదులుతుంది. దానికి వాసన లేదు, రుచి లేదు. మళ్ళీ వేడి చేస్తే జీవులు చస్తాయి కానీ విషం అలాగే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఉండే 121 డిగ్రీల వేడిని కూడా అది తట్టుకుంటుంది. నేను పొగలొచ్చేలా వేయించింది దాన్నే.

మరి అమ్మమ్మ చద్దన్నం? అదీ రాత్రంతా బయట ఉన్నదేగా! తేడా ఆ గరిటెడు మజ్జిగలో ఉంది, కాగానే పోసిన చల్లటి నీళ్ళలో ఉంది. మజ్జిగలోని జీవులు అన్నాన్ని పులియబెడతాయి. పులుపు పెరిగేకొద్దీ ఈ వాంతుల బ్యాక్టీరియా ఎదగలేదు. అయితే ముందు విషం తయారయ్యాక పులుపు చేసేదేమీ లేదు. అర్ధరాత్రి దాకా గట్టు మీద వదిలేసి, అప్పుడు గుర్తొచ్చి మజ్జిగ పోస్తే అది చద్దన్నం కాదు. గిన్నెలు కడగకముందే ఆ పని ఎందుకు చేసేదో, ఎంత నిద్రొస్తున్నా ఎందుకు వదిలేది కాదో ఇప్పుడు అర్థమైంది. పెద్దల మాట చద్దిమూట అంటాం. చద్దిమూట కట్టడానికి ఒక వేళ ఉంది, ఒక వరస ఉంది. మనం మాట గుర్తుపెట్టుకుని వేళ మర్చిపోయాం.

మర్చిపోవడానికి కారణం ఫ్రిజ్ అని నా అనుమానం. మన దేశానికి చల్లదనం ముందు ఓడెక్కి వచ్చింది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకి మంచుగడ్డలు పంపాడు. అక్కడి చెరువుల మీద చలికాలంలో గడ్డకట్టిన మంచుని కోసి, రంపపు పొట్టులో చుట్టి, నాలుగు నెలలు సముద్రం మీద తెచ్చారు. సుమారు 180 టన్నులు బయల్దేరితే 100 టన్నుల దాకా కరక్కుండా చేరాయట. ఆ మంచు దాచడానికి మద్రాసు సముద్రపొడ్డున కట్టిన ఐస్‌హౌస్‌నే ఇప్పుడు వివేకానంద ఇల్లం అంటున్నారు. ఆ మంచు దొరల గ్లాసుల్లోకే గానీ మన తరవాణి కుండల దాకా రాలేదు. మన దేశంలో తయారైన మొదటి ఫ్రిజ్‌ని గోద్రెజ్ 1958లో అమ్మకానికి పెట్టింది. మా పుట్టింటికి ఫ్రిజ్ వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. వచ్చిన వారానికే తరవాణి కుండ దొడ్లోకి పోయి, అందులో తులసి మొక్క మొలిచింది.

ఫ్రిజ్ వచ్చాక అమ్మ కూడా మారిపోయింది. "ఫ్రిజ్‌లోనే ఉందిగా" అన్న మాట మంత్రమైపోయింది. కానీ ఫ్రిజ్ దేన్నీ చంపదు, నెమ్మదిగా పెరగమంటుందంతే. అదీ లోపల 5 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడు. కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నం అది మూతపెట్టిన అలమారా. పైగా గట్టు మీద ఆరుగంటలు ఉన్న గిన్నెని ఫ్రిజ్‌లో పెడితే ఆ ఆరుగంటలు వెనక్కి రావు.

మా అమ్మాయి నమ్ముకున్న తేదీ అన్నిటికంటే కుర్రది. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలు 1970లలో పొట్లాల మీద అమ్మకపు తేదీలు కొనేవాళ్ళకి కనిపించేలా వేయడం మొదలుపెట్టాయి. తిండిని దూరం నుంచి తెచ్చుకుని, ఎవరు వండారో తెలియకుండా తినే కాలానికి అది అవసరమే. మనకి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. 2020 అక్టోబరు 1 నుంచి స్వీటు షాపుల్లో విడిగా అమ్మే మిఠాయిల ట్రేల మీద కూడా ఎప్పటిలోగా తింటే మంచిదో తేదీ పెట్టాలని నియమం పెట్టారు. మీరు గమనించారో లేదో, ఈసారి షాపుకి వెళ్తే చూడండి.

అయితే అన్ని తేదీలూ ఒకటి కావు. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ లోపు రుచి, కరకర బాగుంటాయని. "యూజ్ బై", "ఎక్స్‌పైరీ" అంటే అది దాటాక తినొద్దని. ఈ తేడా తెలియక మా అమ్మాయి నిక్షేపంలాంటి బిస్కెట్లు పారేస్తుంది. ఇంకోవైపు, పొట్లం విప్పాక ఆ తేదీకి అర్థం మారిపోతుందన్నది గమనించదు. ఇంట్లో వండిన గిన్నె మీద అసలే తేదీ ఉండదు. దాని తేదీ వండినవాళ్ళ బుర్రలోనే ఉంటుంది.

ఇక నా రెండో ప్రశ్న. ఇడ్లీలు ఎందుకు పెట్టాను?

పర్యుషితం వద్దన్న మనుస్మృతే పదో అధ్యాయంలో, సేవ చేసే శూద్రుడికి మిగిలిన అన్నం, పాత బట్టలు ఇవ్వాలంది. రెండు మాటలూ ఒకే పుస్తకంలోవి. ఇన్నేళ్ళలో నేను వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. ఏది తినకూడదో తేల్చిన చేయే, దాన్ని ఎవరికి ఇవ్వాలో కూడా తేల్చింది. పుస్తకాల దాకా ఎందుకు, మా అమ్మమ్మ ఇంట్లోనే చూశాను. వేడన్నం తాతయ్యకీ మావయ్యలకీ. చద్దన్నం పిల్లలకీ పాలేర్లకీ. అడుగంటినదీ, అనుమానంగా ఉన్నదీ అందరూ తిన్నాక అమ్మమ్మ కంచంలోకి. "పారేయలేక తింటున్నానే" అనేది. అమ్మా అదే అనేది. నేనూ అదే అంటున్నాను.

ఆ రోజు పొద్దున నాకు అనుమానం ఉంది. ఉంది కాబట్టే ఇడ్లీలు వేశాను. అనుమానాన్ని రెండు వాటాలేసి, ఒకటి నేను తిన్నాను, ఒకటి ఆవిడకి ఇచ్చాను. నా వాటా నేను ఎంచుకున్నాను. ఆవిడ వాటా ఆవిడ ఎంచుకోలేదు, పిల్లాడు అసలే ఎంచుకోలేదు. ఇస్తున్నది దానమే అనుకున్నాను. ఆవిడ "మీరూ తిన్నారా" అని అడగకపోయి ఉంటే ఇప్పటికీ అలాగే అనుకునేదాన్ని. ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్న ముక్కు కంటే, తేదీ కంటే పదునైన పరీక్ష.

ఆ కోసేసిన రెండిళ్ళ జీతం నేనే ఇచ్చాను. ఆవిడ వద్దంది, బలవంతంగా చేతిలో పెట్టాను. పెద్ద పని చేశానని చెప్పడం లేదు, లెక్క అక్కడితో తీరలేదని చెబుతున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని మారాయి. రాత్రి అన్నం మిగిలితే వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఆవిరి తగ్గగానే చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడతాను. గంటలోపు కుదిరితే సరే, రెండు గంటలు మాత్రం దాటనివ్వను. మర్నాడే వాడేస్తాను, ఒక్కసారే వేడి చేస్తాను. డబ్బా మీద వండిన రోజు రాసిన కాగితం అంటిస్తాను. అది అమ్మాయి కోసం. అత్తయ్య కోసం మళ్ళీ ఒక మట్టికుండ కొన్నాను. భోజనాలు కాగానే నీళ్ళూ మజ్జిగా పోసే బాధ్యత ఆవిడే తీసుకున్నారు, సీరియల్ మధ్యలో లేచి మరీ వెళ్తారు. రాత్రంతా గట్టు మీద ఉండిపోయిన అన్నం ఎంత బాగా కనిపించినా పారేస్తాను. పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. అన్నం పరబ్రహ్మస్వరూపమని పెరిగినవాళ్ళం కదా! ఆ ఉసూరు వల్లే మర్నాడు కొలత తగ్గించి వండుతున్నాను.

పనావిడకి ఏదైనా పెట్టాలంటే, మేం తినేటప్పుడే, మేం తినేదే, వేడిగా ఉండగానే పెడుతున్నాను. సందేహం ఉన్న గిన్నె నా కంచంలోకి కూడా రావడం లేదు. ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంది. అమ్మమ్మ నుంచి వచ్చిన అలవాటు మరి.

మొన్న మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి, కాగితం మీద తేదీ చూసి, మూత తీసి వాసన చూసి, నా వైపు తిరిగింది. "అమ్మా, ఇది నువ్వు తింటావా?" అంది. ఒక్క క్షణం ఆలోచించి, "తినను" అన్నాను. "అయితే పారేద్దాం" అంది.

మీ ఇంట్లో ఆ చివరి గిన్నె ఎవరి కంచంలోకి వెళ్తోంది? ఒకసారి చూసుకోండి.